ఊళ్ళు తిరిగిన నాడె

మగ్గం మీద అడ్డపోగును ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోయే చిన్న చెక్క పనిముట్టును నాడె అంటారు. చిన్న పడవలా ఉంటుంది. రెండు కొసలకూ ఇనప ముక్కులుంటాయి. ధర్మవరంలో నారప్ప అనే నేత పెద్దాయన ఒకే నాడెతో ఏళ్ళ తరబడి పట్టుచీరలు నేశాడు. అది అరిగాక, బెంగళూరు నుంచి చీర కొనడానికి వచ్చిన సునంద అనే ఆవిడ చేతిలో పెట్టి ఒక మాట అన్నాడట.

"దీని బతుకంతా రెండు మూరల నడుమ అటూ ఇటూ తిరగడమే అయిపాయ తల్లీ. నాలుగు ఊర్లు తిప్పి తీసుకరా."

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. సునందకు మాత్రం నాకున్న పిచ్చే ఉంది. ఆ పిచ్చి పేరు జియోకాషింగ్. ఎవరో ఎక్కడో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్లో పెడతారు. మనం జీపీఎస్ యంత్రం పట్టుకుని వెళ్ళి వెతకాలి. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే మళ్ళీ దాచి రావాలి. బహుమతి ఏమీ ఉండదు. కొన్ని డబ్బాల్లో ప్రయాణం చేసే వస్తువులుంటాయి. వాటికి అంకెలు చెక్కిన సత్తు బిళ్ళ కట్టి ఉంటుంది. దొరికినవాళ్ళు ఆ అంకెలు చూసి, అది ఎక్కడుందో ఇంటర్నెట్లో రాస్తారు. వాటిని ఒక డబ్బాలోంచి తీసి మరో ఊరి డబ్బాలో వేస్తూ పోతే, ముక్కూ ముఖం తెలియని మనుషుల సంచుల్లో అవి దేశాలు తిరుగుతాయి. సునంద నాడెకు బిళ్ళ కట్టి వదిలిపెట్టింది. అది జపాన్‌లో మంచు చూసింది. ఇటలీలో ఒక వంతెన కింద నెలల తరబడి పడుకుంది. చివరికి ఎవరో పుణ్యాత్ముడి సంచిలో మన దేశం తిరిగొచ్చి, హిందూపురం దగ్గర ఒక డబ్బాలో ఆగిపోయింది.

ఆ సంగతి సునంద ఇంటర్నెట్లో రాసినప్పుడు నేను బెంగళూరులో మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాను. నారప్ప నేత మానేసి మగ్గం దిగిపోతున్నాడట. శుక్రవారం పొద్దున ఆఖరి చీరను మగ్గం నుంచి కోస్తారట. ఆలోగా నాడె చేరితే కొసన నాలుగు పోగులైనా దానితో వెయ్యాలని ఆయన కోరిక. సునందకు కాలు బెణికింది. ఎవరైనా వెళ్ళగలరా అని అడిగింది.

నేను వెళ్తానని రాసేశాను. ఇంట్లో చెప్పడం ఆ తరువాత జరిగింది.

మాది కాకినాడ. ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పటాలు గీసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం కాగితం మీద గీసిన చోట్లను కాళ్ళతో చూడాలన్న కోరిక నాకు అరవై దాటాక పట్టుకుంది. మా ఆవిడ సుబ్బలక్ష్మి దీన్ని ముసలితనపు దొంగాట అంటుంది. ఆ రోజు మాత్రం విషయమంతా విని, "ధర్మవరమే కదా మీరనేది? పట్టుచీరల ధర్మవరం?" అని రెండుసార్లు అడిగి, అడక్కుండానే తన సంచి సర్దుకుంది.

హిందూపురం: ఆవకాయ జాడీ మూత

బుధవారం ప్యాసింజరు దిగేసరికి ఊరు ఊరంతా బెల్లం వాసన. మార్కెట్టు వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా పాకం మూకుడు మీద వంగి నిలబడ్డట్టుంది. స్టేషను దగ్గర హోటల్లో ఉగ్గాని తిన్నాం. మన మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో ముంచి పిండి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ఆరు రూపాయలు. మా వైపు మరమరాలు నాన్చితే పారేస్తాం. రెండో ప్లేటు తెమ్మని అడిగింది నేను కాదు, సుబ్బలక్ష్మి.

గుడికి వెళ్ళి కుంకుమ పొట్లం తీసుకుంది. బస్సులో వికారం రాకుండా వాసన చూసుకోవడానికి నిమ్మకాయలు కొంది. ఈ రెండింటినీ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మర్నాడు పెనుకొండలో అవే మా మెడకు చుట్టుకున్నాయి.

డబ్బా ఉన్న చోటు ఊరి బయట ఒక రాళ్ళగుట్ట. బాషా అనే ఆటో డ్రైవరు తీసుకెళ్ళాడు. కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో మాట్లాడే మనిషి.

"యాడనుంచి వస్తాండారు సార్?"

"కాకినాడ."

"ఆడ రాళ్ళు లేవా?"

"ఇసకే ఎక్కువ."

"అయితే సరే. దుడ్లు పెట్టి రాళ్ళు చూసేదానికి వచ్చినోళ్ళు నాకు మీరే మొదలు," అని అతను ఆటో నీడలో ఆపుకుని పడుకున్నాడు.

కొత్తగా ఈ ఆట మొదలుపెట్టేవారికి ఇక్కడొక మాట చెప్పాలి. యంత్రం మనల్ని చోటు దగ్గరకు తీసుకెళుతుంది కానీ చోటుకు తీసుకెళ్ళదు. చివరి కొద్ది గజాల్లో దాన్ని జేబులో పెట్టేసి కళ్ళతో వెతకాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. డైరీలో కూడా రాసుకున్నాను. అయినా బాణం గుర్తు ఎటు తిరిగితే అటు గుట్ట చుట్టూ గానుగెద్దులా తిరిగాను. సుబ్బలక్ష్మి ఒక బండ మీద కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తోంది.

"ఏవండీ, ఇన్ని రాళ్ళుంటే ఈ ఒక్కటే మూత పెట్టినట్టుందేమిటి? మన ఆవకాయ జాడీ మీద సన్నికల్లు బోర్లించినట్టు."

ఆ రాయి ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది. ఎత్తితే కింద సందులో ఆకుపచ్చ మూత డబ్బా. దాని లోపల, పాత రుమాలులో చుట్టి, నాడె. చేతులు తగిలి తగిలి నున్నబడిన చెక్క, మెడలో సత్తు బిళ్ళ. నేను చిన్నపిల్లాడిలా గంతేశాను. బాషా లేచొచ్చి చూసి, "దీనికా సార్?" అన్నాడు. అది విమానాల్లో దేశాలు తిరిగిన సంగతి చెప్పాను. దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇమానం ఎక్కిందా ఇది? నాకంటే నయమే," అని తిరిగిచ్చాడు.

పెనుకొండ: ఒక్క మాట తెచ్చిన తంటా

గురువారం పొద్దున సుబ్బలక్ష్మి స్పష్టంగా చెప్పింది: "నేరుగా ధర్మవరం పోదాం. ఆ పెద్దాయన చేతిలో పెట్టేశాక మీరు ఏ కొండయినా ఎక్కండి."

కానీ పెనుకొండ దారిలోనే ఉంది. కొండ మీద కోటగోడ దగ్గర ఇంకో డబ్బా ఉంది. మధ్యాహ్నం రైలుకు బోలెడు సమయం ఉంది. ఆమె మాట వినకపోవడానికి ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

కొండదారి పొడుగునా సీతాఫలం చెట్లు. ఒకప్పుడు రాజులు ఏలిన కొండ కదా, ఏ బండ చూసినా ఎవరో ఉలి పెట్టి వదిలేసినట్టే ఉంటుంది. గోడ దగ్గరకు చేరేసరికి రెండు పెద్ద బండల మధ్య యంత్రానికి ఆకాశం అందక బాణం పిచ్చిగా తిరగడం మొదలుపెట్టింది. దాని వెంట నేనూ తిరిగాను. గొర్రెలు మేపుకుంటున్న ఒకతను చాలాసేపు చూసి దగ్గరకొచ్చాడు. పేరు ఓబులేసు. కొంచెం దూరంలో నీడపట్టున అతని తల్లి కూర్చుని సీతాఫలాలు ఏరుతోంది.

"ఏం ఎతుకుతాండావు సామీ?"

మా కాకినాడలో ఈ ఆటను నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడానికి నేనొక తెలుగు పేరు పెట్టుకున్నాను. ఆ పేరు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. దాన్నే చెప్పాను.

"నిధి వేట."

మావైపు ఆ మాటకు అందరూ నవ్వుతారు. ఓబులేసు నవ్వలేదు. వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. ఈ కొండ చుట్టూ రాజుల బంగారం ఉందని జనం నమ్మకమనీ, దాని కోసం దొంగలు వచ్చి గుళ్ళు తవ్వి విగ్రహాలు పగలగొట్టి పోతుంటారనీ, ఊరివాళ్ళు అలాంటివాళ్ళ కోసం కాచుకుని ఉంటారనీ నాకు ఆ తరువాత తెలిసింది. ఈల విని పొదల్లోంచి ఒక్కొక్కరే వచ్చి మా చుట్టూ చేరారు.

"యాడుండాదప్పా నిధి?"

"ఈ చుట్టుపక్కలే. ఈ యంత్రం చెబుతోంది."

"ఈ మిషను బంగారు చూపిస్తాదా?"

"బంగారం కాదు బాబూ, డబ్బా."

"రాగి డబ్బానా, ఇత్తడి డబ్బానా?"

"ప్లాస్టిక్."

ఓబులేసు అందరి వైపూ తిరిగాడు. "వినిండారా? రాజులు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిరంట."

సంచి విప్పమన్నారు. విప్పాను. మొదట టార్చిలైటు వచ్చింది. తరువాత కొలిచే టేపు. తరువాత నిమ్మకాయలు. గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది.

"నిమ్మకాయలు ఎందుకప్పా?"

"వాంతులకి," అంది సుబ్బలక్ష్మి.

"ఎవురికి?"

"నాకే నాయనా. బస్సు పడదు."

ఆ వెంటనే కుంకుమ పొట్లం బయటపడింది. ఇక ఆవిడ వాంతుల మాట ఎవరూ నమ్మే స్థితిలో లేరు. ఆఖరున నాడె. దాని బిళ్ళ మీది అంకెలూ అక్షరాలూ చూసి ఓబులేసు, "ఇదీ అసలుది. మంత్రం రాసిండాది," అని దాన్ని తీసుకుని నడుముకు చుట్టిన తువ్వాల్లో దోపుకున్నాడు. "పోలీసుటేషన్ కాడికి పోదాం పద సామీ. చెప్పేది ఆడ చెప్దువు."

అప్పటిదాకా నాకు సరదాగానే ఉంది. అప్పుడు మాత్రం లెక్క వేసుకున్నాను. స్టేషనులో కూర్చుని అక్షాంశ రేఖాంశాలు వివరించేసరికి శుక్రవారం తెల్లవారుతుంది. ధర్మవరంలో చీర కోసేస్తారు. జపాన్ నుంచి వచ్చిన నాడె పెనుకొండలో ఒక తువ్వాలులో ఉండిపోతుంది. ఇదంతా నేను ఇంకో డబ్బాకు ఆశపడబట్టే.

కాపాడింది సుబ్బలక్ష్మి. కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది.

"నాయనా, ఈయనకు ఏదీ కనపడదు. నిన్న కూడా నేనే తీశాను. మీరే వెతకండి. దొరికినది మీ కళ్ళముందే తెరుద్దాం. బంగారముంటే మీదే, మమ్మల్ని స్టేషనుకు తీసుకుపోండి. లేకపోతే మా చెక్కముక్క మాకిచ్చెయ్యండి."

ఓబులేసు తల్లి దూరం నుంచే అరిచింది. "మాట బాగనే ఉండాది గదరా. ఎతకండి. గొర్రెలు నేను చూసుకుంటాలే."

ఇక చూడాలి ఆ వేట. పెద్ద పెద్ద మీసాల మనుషులు బండల చుట్టూ పాకుతున్నారు. నేను మధ్యలో నిలబడి, తవ్వొద్దనీ, ఈ ఆటలో మట్టిలో పాతడమే ఉండదనీ, ఎవరో చేత్తో పెట్టినట్టున్న రాయి కోసం చూడమనీ పాఠాలు చెబుతున్నాను. "ఈడ లేదు," "ఆడ చూడబ్బా," "నా కాలు తొక్కినావు" అని ఒకటే గోల. కాసేపటికి నేను ముద్దాయినన్న సంగతి నాతో సహా అందరూ మర్చిపోయారు.

"దొరికె," అన్నాడు ఓబులేసు, గోడ సందులో భుజం దాకా చెయ్యి పెట్టి. అతని ముఖం వెలిగిపోయింది. డబ్బా బయటికి తీశాడు. తీసినవాడు తెరవలేదు. నేల మీద పెట్టి దూరం జరిగాడు. "నిధికి పాము కాపలా ఉంటాదంట. నువ్వే తెరువు సామీ. కరిస్తే నిన్నే కరవనీ."

మూత తీశాను. పాము ఉంది.

అంతమంది మనుషులు అంత చిన్న చోటు నుంచి అంత త్వరగా మాయం కావడం నేనెక్కడా చూడలేదు. నేను కూడా వాళ్ళతోపాటే మాయమయ్యాను. సుబ్బలక్ష్మి నాకంటే ముందుంది. ఓబులేసు తల్లి, ఆ అవ్వ ఒక్కతే కర్ర పట్టుకుని నింపాదిగా వచ్చి, డబ్బాలోకి వంగి, పామును కొసతో ఎత్తి మాకు చూపించింది.

"రబ్బరుది గదరా."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. తరువాత ఎవరూ ఆగలేదు. దాచినవాళ్ళు పిల్లల కోసం పెట్టిన బొమ్మ అది. దాని కింద రెండు గోలీలు, ఒక విదేశీ నాణెం, ఒక పొట్టి పెన్సిలు, చిన్న పుస్తకం. ఓబులేసు గోలీలను ఎండకు పెట్టి చూసి, "దీనికోసమా సామీ ఇంత దూరం వచ్చినావు?" అని అడిగాడు. ఆ గొంతులో అనుమానం పోయి జాలి వచ్చింది.

నేను నాడె సంగతి మొదటినుంచీ చెప్పాను. రేపు పొద్దున కోసే చీర సంగతి కూడా. అవ్వ విని కొడుకు వైపు చెయ్యి చాపింది.

"ఇచ్చేయ్‌రా. ఒకరి చేతి పనిముట్టు మన నడుములో ఉండకూడదు." తరువాత నా వైపు తిరిగింది. "దాచిపెట్టేది, ఎతికేది. దీన్ని దాగుడుమూతలంటారు నాయనా. నిధి అనరు. ఆ మాట ఈ కొండ మీద ఎవురైనా అంటారా?"

ఈ ఆటకు సరైన తెలుగు పేరు అదే. అప్పటినుంచి ఇంకో పేరు వాడలేదు.

డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే బదులుగా ఒకటి పెట్టాలన్న నియమం చెప్పగానే అవ్వ సీతాఫలం పెట్టబోయింది. తినేది పెడితే చీమలూ కోతులూ వస్తాయని ఆపాను. ఓబులేసు ఒక గొర్రెపిల్ల మెడలోంచి బుల్లి గంట విప్పి వేసి, రబ్బరు పాము తీసుకున్నాడు. ఎందుకని అడిగితే, "చెనిక్కాయ చేన్లో కోతులు పడతాండాయి," అన్నాడు. చెనిక్కాయంటే మన వేరుశెనగ. పుస్తకంలో నా పేరు కింద అతను అక్షరాలు కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు. వెతికి తీసింది అతనే కాబట్టి నిజానికి అతని పేరే పైన ఉండాల్సింది.

చెన్నేకొత్తపల్లి: టమాటాల మీద

రైలు వెళ్ళిపోయింది. ఓబులేసే మమ్మల్ని అడ్డదారిన కొండ దించి, హైవే మీద టమాటా వ్యాను ఒకటి ఆపి, "మావోళ్ళే, ధర్మవరం దింపు" అని ఎక్కించాడు. పొద్దున పోలీసులకు అప్పగించబోయిన మనిషి సాయంత్రానికి మావోళ్ళే అన్నాడు. సుబ్బలక్ష్మి ముందు సీట్లో, నేను వెనక టమాటా పెట్టెల మీద. నాడె నా చొక్కా లోపల. చెన్నేకొత్తపల్లిలో టీ కోసం ఆగినప్పుడు దిగి చూసుకుంటే నా తెల్ల ప్యాంటు వెనక ఒక టమాటా జీవితం ముగిసి ఉంది. టీ కొట్టు ఆవిడ అది చూసి నవ్వు ఆపుకోలేక టీ డబ్బులు తీసుకోలేదు.

ధర్మవరం: తిరుగుడు మరిగినది

దీపాలు పెట్టే వేళకు ధర్మవరం చేరాం. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా లోపలి నుంచి మగ్గం చప్పుడు. మా ఊళ్ళో సముద్రం చప్పుడును మేమెలా వినకుండా వింటామో, వీళ్ళు దీన్ని అలా వింటారు కాబోలు. నారప్ప ఇల్లు అడగ్గానే చూపించారు. సన్నటి మనిషి, బాగా ముసలివాడు, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

నేను చొక్కాలోంచి నాడె తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడక ముందే వేళ్ళు గుర్తుపట్టాయి. బొటనవేలు వెళ్ళి చెక్క మీద అరిగిన చోట కూర్చుంది.

"వచ్చినావా. యాడెడ తిరిగినావే?" అన్నాడు నాడెతో.

నాడె ఆగిన చోట్ల జాబితా ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసుకున్న కాగితం చూసి ఊళ్ళ పేర్లన్నీ చదివాను. ఒక్కొక్క పేరుకూ తలూపాడు.

"రైలెక్కిందా, ఇమానమెక్కిందా?"

"రెండూ."

"నేను గుంతకల్లు దాటలే," అని ఎంతో సంతోషంగా చెప్పాడు.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అనే పచ్చడి తిన్నాం. సంగటి నమలకూడదని, ముద్ద చేసి మింగాలని నారప్ప కోడలు సుబ్బలక్ష్మికి నేర్పింది. సుబ్బలక్ష్మి పెనుకొండ పాము కథ చెప్పింది. ఆ కథలో అందరికంటే దూరం పరుగెత్తింది నేనట.

పొద్దున నారప్ప స్నానం చేసి మగ్గం గుంతలోకి దిగాడు. చిలకపచ్చ చీర, వంగపండు రంగు కొంగు. కొస దగ్గర కొంచెం మిగిలి ఉంది. నాడెలో పోగు చుట్టిన కండె వేసి, బిళ్ళ విప్పి పక్కన పెట్టి, నాడెను తోసే తాడు పిడి లాగాడు. నాడె ఇటు నుంచి అటు పోయింది. అటు నుంచి ఇటు వచ్చింది. ఇంట్లో అందరం చుట్టూ చేరి చూస్తున్నాం. నాలుగు పోగులు పడ్డాయి. ఆయన కోరింది అంతే. అయినా ముచ్చట తీరక ఇంకోసారి లాగాడు. నాడె ఎగిరి, మగ్గం దాటి, గాలిలో ఒక పల్టీ కొట్టి, సుబ్బలక్ష్మి ఒళ్ళో పడింది.

నారప్ప దానివైపు చూసి, భుజాలు కదిలేలా నవ్వాడు.

"తిరుగుడు మరిగినాది ఇది. ఇంక ఈ రెండు మూరల్లో నిలిచేది కాదు." పక్కనున్న బిళ్ళ తీసి తానే మళ్ళీ కట్టాడు. "ఏమప్పా, ఇది సముద్రం చూసిందా?"

కాగితం వెతికాను. సముద్రాలు దాటింది కానీ ఒడ్డున ఆగినట్టు ఎక్కడా లేదు.

"మీ ఊర్లో ఉండాదంట గదా. చూపించి తీసుకరాండి."

"చూపించడం వరకే మా పని," అంది సుబ్బలక్ష్మి. "తీసుకురావడం మా వల్ల కాదు. మగ్గం దిగారు కదా, మీరే వచ్చి తీసుకుపోండి."

ఆయన నాడెను నా చేతిలో పెట్టాడు. కోడలు చీరను కోసింది. మడత పెట్టింది. అందరం కాఫీలు తాగాం. మేము సంచులు తీసుకుని గడప దాటుతుంటే వెనక నుంచి నారప్ప అడిగాడు.

"కాకినాడకు ఎన్ని రైళ్ళు మారల్ల?"

తిరిగొచ్చాక మా సముద్రం ఒడ్డున, అలలు అందని చోట, రాళ్ళ మధ్య ఒక డబ్బా దాచాను. కొత్తవాళ్ళు వెతకడానికి వీలైన చోటు. పెన్సిలు తెచ్చుకోండి. తవ్వకండి. ఎవరైనా ఏం వెతుకుతున్నారని అడిగితే దాగుడుమూతలని చెప్పండి. లోపల బిళ్ళ కట్టిన నాడె ఒకటి కనిపిస్తుంది. ఇలాంటి వస్తువు దొరికితే మరో ఊరికి తీసుకుపోవడమే ఆట నియమం. దీన్ని మాత్రం చూసి, బొటనవేలు పెట్టి అరిగిన చోటు తడిమి, తిరిగి అక్కడే ఉంచండి. దానికోసం ధర్మవరం నుంచి ఒకాయన టికెట్టు తీసుకున్నాడు.